జాడీల బండికి సాకెట్టు

గొంతు పోయింది మా ఆయనకైతే, మాటలు పెరిగింది మా బజారుకి. ఒకడు మిరియాల కషాయం అన్నాడు. ఇంకొకడు అల్లం రసంలో తేనె అన్నాడు. మొన్నటిదాకా "నీ మొగుడు కాస్త మెల్లగా మాట్లాడితే బాగుండు" అని నా ప్రాణం తీసిన ఎదురింటామె, తాయెత్తు కట్టించమని సలహా ఇచ్చింది. అందరికీ తల ఊపా. విజయవాడ డాక్టరు మాత్రం ముక్కులోంచి గొట్టం దింపి చూసి, గొంతులో చిన్న కాయ ఉందన్నాడు, ఆపరేషన్ చేసి తీసేసాడు. పరీక్షకి పంపితే భయపడాల్సిన జబ్బు కాదని వచ్చింది. అరిచీ అరిచీ వచ్చిన కాయ అట. ఆ ముక్క నేను పెళ్ళైన కాడ్నించీ చెప్తున్నా, నాకెవరూ ఫీజు ఇవ్వలా.

"ఈ ఎండాకాలం అయ్యేదాకా నోరు తెరవకూడదమ్మా," అన్నాడు డాక్టరు. "గుసగుసగా మాట్లాడటం కూడా వద్దు. లోపల ఇంకా మానాలి. ఒక్కసారి గట్టిగా అరిచినా చిరిగిపోతుంది. అప్పుడు ఆ గొంతు మళ్ళీ రావటం కష్టం."

ఆ మాట నాకు చెప్పాడు గానీ ఆయనకి చెప్పలా. చెప్తే వినే రకం కాదని మొహం చూస్తేనే తెలిసిపోయి ఉంటది. ఇంటికి రాగానే నా నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నా. మొహం అటు తిప్పుకునే వేసాడు.

మా ఆయన పేరు సిలార్. మాది జగ్గయ్యపేట. మోటారు సైకిలుకి రెండు పక్కలా ఇనప స్టాండు బిగించి, గోతాల్లో వరిగడ్డి వేసి, ఆ గడ్డిలో పచ్చడి జాడీలు సర్ది, పెనుగంచిప్రోలు వైపు ఊళ్ళన్నీ తిరిగి అమ్ముకొస్తాడు. మామిడికాయ కోతకొచ్చిన దగ్గర్నుంచి తొలకరి పడేదాకా జాడీల సీజను. మిగతా ఏడాదంతా ప్లాస్టిక్ బక్కెట్లు, చీపుళ్ళు, అవి టీ ఖర్చులకి సరి. అట్టాంటిది ఎండాకాలం నోరు తెరవొద్దంటే, మిగతా ఏడాది తెరిచి మాత్రం ఏం లాభం, అందులో పెట్టుకోటానికి ఏముంటది.

పైగా ఆ గొంతంటే మనిషికి ఎంత గీరో. అందరూ సరుకు పేరు అరుస్తారు. ఈయన ఇంటామె పేరు అరుస్తాడు. బజారు మొదట్లో బండి ఆపుతాడు, తాళం తీస్తాడు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "భారతమ్మగారో, జాడీలొచ్చినయ్" అని మొదలెట్టి ఒక్కో ఇంటి పేరూ వరసన పిలుస్తాడు. పేరు పెట్టి పిలిస్తే ఎంతటి ఆడదైనా బయటికి రాకుండా ఉండలేదు. వచ్చినాక కొనకుండా పోలేదు. ఇదొక పెద్ద విద్య అని ఆయన నమ్మకం. నాకైతే పెళ్ళిలో భోజనాలకి రమ్మని తిరిగే మనిషి గుర్తొచ్చేవాడు.

నోరు మూతపడింది, మామిడికాయ బజార్లోకి వచ్చింది. అప్పుడు దిగాడు మా ఖయ్యూమ్.

ఖయ్యూమ్ మా అల్లుడు. అల్లుడు కాకముందు నా సొంత అన్న కొడుకు. చీమిడి తుడిచి పెంచినదాన్ని కాబట్టి వాడికి మర్యాద ఇవ్వాల్సిన అవసరం నాకు లేదు. నందిగామ బస్టాండు దగ్గర సెల్లు సామాన్ల కొట్టు పెట్టాడు. ఫోను అద్దం పగిలిందని తీసుకెళ్తే, కొత్త ఫోను కొనుక్కునేదాకా తెచ్చి వదిలిపెడతాడు. కానీ మాటలు మాత్రం విమానాలు తయారు చేసే వాడి మాటలు.

"మామకి నోరెందుకత్తా," అన్నాడు, సంచీలోంచి తీగెలూ డబ్బాలూ తీసి నా వాకిట్లో పరుస్తూ. "బండికి నోరు పెడతా."

"ఉన్న నోళ్ళే భరించలేకపోతున్నా, మళ్ళీ బండికి కూడానా?"

వాడు వినలా. సీటు ఊడదీసాడు. కింద బ్యాటరీ కనపడింది. దానికి ఎర్ర తీగె ఒకటి, నల్ల తీగె ఒకటి బిగించి, అవి హ్యాండిల్ దాకా లాగి, అక్కడ గుండ్రంగా మూత ఉన్న సాకెట్టు ఒకటి కూర్చోబెట్టాడు. కార్లలో సిగరెట్టు అంటించుకోటానికి ఉంటదే, అట్టాంటిది. దానికి మైకు తగిలిస్తారట. పక్కన ఇంకో రెండు కన్నాలున్నాయి.

"అవెందుకురా?"

"ఫోను ఛార్జింగుకత్తా."

"మాట్లాడకూడని మనిషికి ఫోను ఛార్జింగు ఎందుకురా?"

"అట్టా కాదత్తా. ఫ్యాను పెట్టుకోవచ్చు, లైటు పెట్టుకోవచ్చు. రేపు ఏదైనా అవసరం రావచ్చు. టెక్నాలజీ."

సిలార్ గడప మీద కూర్చుని చూస్తున్నాడు. బండి ఆయనకి పెళ్ళాం కంటే ఎక్కువ. వాడు స్క్రూడ్రైవర్ పెట్టిన ప్రతిసారీ ఆయన దవడ కదులుతోంది, మాట మాత్రం లేదు. నాకు లోపల్లోపల మహా సంతోషంగా ఉంది. ఈ మనిషి అడ్డం రాకుండా ఈ ఇంట్లో ఒక పని జరగటం నేను చూడలా.

మామూలుగా తాళం తిప్పితేనే కరెంటు వచ్చేట్టు తీగె ఇస్తారట. కానీ మా ఆయన బజారు మొదట్లో బండి ఆపేసి పిలుస్తాడు గదా, పెట్రోలు మిగులుద్దని. తాళం తీస్తే మైకు కూడా నోరు మూస్తది. అందుకని వాడు తాళంతో పని లేకుండా తిన్నగా బ్యాటరీకే ఇచ్చేసాడు. తీగె పైకి కనపడితే బండి అందం చెడుద్దని, జాడీల స్టాండు కింద నుంచి, గోతాల సందులోంచి దూర్చి తెచ్చాడు.

"చూసావా అత్తా, తీగె ఎక్కడుందో చెప్పు చూద్దాం," అన్నాడు.

కనపళ్ళా. కనపడదని వాడు ఎంత మురిసిపోయాడో చెప్పలేను. చంటిపిల్లాడు చెంచా దాచి నవ్వినట్టు నవ్వాడు.

ఆ మైకులో వచ్చే గొంతు ఎవరిదంటే, ఎవరో హైదరాబాదు పిల్లది. ఫోన్లో దొరికిందట, పెన్‌డ్రైవులో ఎక్కించాడు. "ప్రియమైన మహిళామణులారా, మీ ఇంటి ముంగిటకే నాణ్యమైన జాడీలు విచ్చేసినవి." వెనకాల వీణ వాయిస్తారు. విచ్చేయటానికి జాడీలేమన్నా మంత్రిగారా. ఆ పిల్ల జన్మలో ఒక జాడీ మూత ఎత్తి ఉండదు, ఎత్తినా మళ్ళీ పెట్టి ఉండదు.

అది మోగించుకుంటూ సిలార్ ఒక్కడే వెళ్ళాడు. పొద్దున ఎట్టా వెళ్ళినయో జాడీలు సాయంత్రం అట్టానే తిరిగొచ్చినయ్. తెల్లారి మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ అట్టానే వచ్చినయ్. బండి స్టాండు వేసి, మైకు వంక చూసి, కింద ఉమ్మేసి లోపలికి పోయి పడుకున్నాడు.

ఆ సాయంత్రం పెనుగంచిప్రోలు నుంచి భారతీదేవిగారు ఫోను చేసారు. వీరరాఘవయ్యగారి భార్య. మిరప, పత్తి వేసే ఇల్లు, కోతలప్పుడు వచ్చిపోయే వాళ్ళందరికీ అక్కడే భోజనాలు, అందుకని ఆ ఇంట్లో పచ్చడి జాడీల్లో కాదు, గాబుల్లో పెట్టాలి.

"ఏం రజియా, సిలారు ఈ ఏడు మా ఊరు రాలేదే?"

"వచ్చాడు గదమ్మగారూ. నిన్నా వచ్చాడు, ఇవ్వాళా వచ్చాడు."

"ఎవరో మైకు పెట్టుకుని తిరిగారు గానీ, సిలారు పిలవలేదే. ఎవరో పై ఊరి వాళ్ళనుకుని నేను లేవలేదమ్మా."

ఫోను పెట్టేసి చూద్దును గదా, మా ఆయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు. మొహంలో ఆ గీర చూడాలి. సరుకు అమ్ముడుపోక ఇంట్లో పొయ్యి ఆరిపోయే గతి వస్తుంటే, నేను పిలవకపోతే ఊరు లేవదు అని ఆయన సంబరం. ఇట్టాంటి మనిషిని ఏం చెయ్యాలి.

"రేపు నేనొస్తా," అన్నా. "మైకు నాకివ్వు."

ఖయ్యూమ్‌కి తెలిసి నందిగామ నుంచి పరిగెత్తుకొచ్చాడు. "బాగుండదత్తా. మనోళ్ళలో ఆడాళ్ళు బండెక్కి మైకులో అరవటం ఏంది. నలుగురూ ఏమనుకుంటారు?"

"మనోళ్ళలో మగాళ్ళు పెళ్ళాం గాజులు తాకట్టు పెట్టి కొట్టు తెరిచారు. దాని గురించి నలుగురూ ఏమనుకున్నారో ముందు అది చెప్పు."

వాడు మైకు తీగె సరిచేస్తున్నట్టు నటించి వెళ్ళిపోయాడు.

తెల్లారి రెండు గోతాల మధ్య నన్ను కూడా ఒక జాడీలాగా కూర్చోబెట్టుకుని సిలార్ బండి తీసాడు. పెనుగంచిప్రోలు బజారు మొదట్లో ఆపి తాళం తీసాడు. నేను పెన్‌డ్రైవు పీకేసి, చేతి మైకు నోటి దగ్గర పెట్టుకున్నా. అప్పుడు తెలిసొచ్చింది, భారతీదేవిగారిది తప్ప నాకు ఒక్క ఇంటి పేరూ తెలీదు, ఆమె ఇల్లు ఏదో కూడా తెలీదు. తెలిసిన మనిషి చెప్పకూడదు.

సిలార్ నా వంక చూసి, చెయ్యెత్తి మీసం మెలేసినట్టు చేసాడు.

"మీసాల దొరగారి ఇంటి అమ్మగారో, జాడీలొచ్చినయ్," అన్నా మైకులో.

గేటు తెరుచుకుని భారతీదేవిగారు నవ్వుకుంటూ వచ్చారు. "ఇదేం పిలుపే రజియా. మా ఆయన వింటే రేపే గొరిగించుకుంటాడు."

ఇక ఆగలా. ఆయన రెండు వేళ్ళు నెత్తి మీద పెట్టి కొమ్ములు చూపిస్తే, "జోడు బర్రెల ఇంటి పిన్నిగారో" అన్నా. ముక్కు మీద వేలు పెడితే "ముక్కుపుడక వదినో" అన్నా. ఒకచోట పొట్ట ముందుకు పెట్టి చూపించాడు. అది షావుకారు పొట్టనుకుని "కొట్టు షావుకారింటి అమ్మో" అని పిలిచా. తీరా చూస్తే నిండు నెలల కోడలున్న ఇల్లు. ఆ అత్తగారు కడుపు పట్టుకుని నవ్వింది, నవ్వుతూ రెండు జాడీలు తీసుకుంది. ఎవరికి వాళ్ళు వచ్చి అసలు పేరు చెప్పి పోయారు. అన్నీ బుర్రలో పెట్టుకున్నా.

ఇంత చిన్న పనికి ఈ మనిషి ఇన్నేళ్ళూ ఊరేగాడా అనిపించింది. నేను పిలిస్తే ఆడాళ్ళు వస్తుంటే సిలార్ మొహం మాడిపోయింది. హ్యాండిల్ పట్టుకుని ఎటో చూస్తూ నిలబడ్డాడు. కానీ జాడీ చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, బీట లేదని తలూపే పని మాత్రం నాకివ్వలా. ఆ టంగుమనే చప్పుడు కూడా తన గొంతే అన్నట్టు బిగుసుకుపోయి కొట్టేవాడు. కొట్టుకోనీ అని వదిలేసా.

గోతాలు ఖాళీగా తిరిగి రావటం మొదలైంది. నాకు ఎండకి మొహం కమిలింది, నడుం పట్టేసింది, గొంతు మాత్రం నిక్షేపంగా ఉంది. ఆ సంగతి రోజూ అన్నం పెట్టేటప్పుడు ఆయనకి చెప్పేదాన్ని. ఆయన ముద్ద మింగి గోడ వంక చూసేవాడు.

పీడల్లా ఆ సాకెట్టుతోనే. మాట మధ్యలో మైకు చచ్చిపోయేది. ఫ్యూజు పోయింది అనేవాడు ఖయ్యూమ్. ఫ్యూజు అంటే ఒక చిన్న గాజు గొట్టం, అందులో సన్న తీగె. కొత్తది వేస్తే రెండు ఊళ్ళు తిరిగేసరికి అదీ పోయేది.

"ఊరికూరికే ఎందుకు పోతుందో చూడరా," అన్నా.

"లోడు ఎక్కువైందత్తా."

"లోడంటే?"

"నువ్వు ఎక్కువ మాట్లాడుతున్నావు."

సిలార్ నవ్వాడు. ఆపరేషన్ తర్వాత ఆయన నవ్వింది అదే మొదటిసారి, అదీ నా మీద.

ఖయ్యూమ్ జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసాడు. లోపలి వెండి కాగితం చింపి, పోయిన ఫ్యూజు చుట్టూ చుట్టి, మళ్ళీ దాని గూట్లో దోపాడు. మైకు పలికింది.

"ఇక జన్మలో పోదు," అన్నాడు చేతులు దులుపుకుంటూ. "కంపెనీవాళ్ళు కావాలని వీకు ఫ్యూజులు చేస్తారత్తా, మనం మళ్ళీ కొనాలని."

నిజంగానే మళ్ళీ పోలా. రెండు వారాలు మైకు ఒక్కసారి కూడా ఆగలా. వాడు కొట్టుకొచ్చినోళ్ళందరికీ ఆ కాగితం సంగతి చెప్పుకున్నాడట.

ఆ రోజు ఎండ నిప్పులు కురుస్తోంది. పెనుగంచిప్రోల్లో వీరరాఘవయ్యగారింటి ముందు బండి ఆపాం. సిలార్ తాళం తీసాడు, నేను మైకు స్టాండుకి తగిలించి దిగా. భారతీదేవిగారు నన్ను వెనక వసారాలోకి తీసుకెళ్ళారు. పాత జాడీకి అడుగున చెమ్మ వస్తోందట, అందులో ఊరగాయ పెట్టొచ్చో లేదో చూడమన్నారు. సిలార్‌ని పిలుద్దాం అంటే, "ఆయన్ని నీడలో ఉండనీ, నువ్వు చూడలేవా ఏం" అన్నారు. ఎందుకు చూడలేను. వేలితో కొట్టా. మొద్దుగా పలికింది. "ఇది పనికిరాదమ్మగారూ," అన్నా, పుట్టి బుద్ధెరిగి ఇదే పని చేస్తున్నదాన్లాగా. మజ్జిగ ఇచ్చారు. తాగుతూ మా ఆయన గీర గురించి కాస్త చెప్పుకున్నా. ఆమె వాళ్ళాయన మీసాల గురించి చెప్పుకున్నారు. గడ్డి కాలుతున్న వాసన వచ్చింది. ఎవరో చెత్త తగలబెట్టుకుంటున్నారనుకున్నా.

అప్పుడు ముందు వైపు నుంచి వీరరాఘవయ్యగారి కేక వినపడింది. "నీళ్ళు, నీళ్ళు తెండి."

నేను వచ్చేసరికి బండి ఒక పక్కంతా అంటుకుని ఉంది. గోతాం, గడ్డి, సీటు. సిలార్ ఉత్త చేతులతో మండుతున్న గోతాన్ని పట్టుకుని పెట్రోలు ట్యాంకు దగ్గర్నుంచి ఇవతలికి లాగుతున్నాడు. నోరు తెరుచుకుని ఉంది, రొప్పుతున్నాడనుకున్నా. గోతాం కింద పడింది. జనం బిందెలతో నీళ్ళు కుమ్మరించారు. కాలిన జాడీల మీద నీళ్ళు పడేసరికి ఒక్కోటీ టప్పుమని పగిలింది. పశువుల పాకలో పనిచేసేవాళ్ళు బండిని పక్కకి పడేసి మట్టి కొట్టారు.

"చచ్చినోడా, ఒక్క కేక పెట్టలేవా," అని నోటిదాకా వచ్చింది. ఆగిపోయా. పెట్టకూడదు. నా నెత్తి మీద ఒట్టు ఉంది.

ఆయన అరచేతులు చూసా. తోలు లేచిపోయింది. అంత కాలినా ఆ మనిషి నోట్లోంచి ఒక్క మూలుగు రాలా. ఇన్నేళ్ళ కాపురంలో నా మాట ఆయన విన్నది ఇదొక్కటే. వినక వినక ఇట్టాంటప్పుడు విన్నాడు. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, దాంతోపాటు చెప్పుకోలేనంత గర్వమూ వచ్చింది.

"చూసారా అమ్మగారూ," అన్నా భారతీదేవిగారితో. "చేతులు కాలిపోతున్నా కుయ్యిమనలా. నాకు మాటిచ్చాడు."

ఆమె పమిట చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. వీరరాఘవయ్యగారు సిలార్ భుజం మీద చెయ్యి వేసారు. సిలార్ మాత్రం తల దించుకుని నేల వంక చూస్తున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నా.

ఖయ్యూమ్ వచ్చి కాలిన బండి చుట్టూ తిరిగాడు. స్టాండు కింద తీగె తోలు ఊడి, రాగి బయటపడి ఇనుముకి అతుక్కుపోయి ఉంది. బండి కదిలినప్పుడల్లా ఇనుముకి రాసుకుని రాసుకుని అట్టా అయిందట. ఫ్యూజు మాటిమాటికీ పోయింది కూడా అందుకేనట, తీగె ఇనుముని తాకినప్పుడల్లా. వెండి కాగితం చుట్టాక పోవటానికి ఫ్యూజు ఎక్కడుంది, తీగె కాలింది, తీగెతో గడ్డి కాలింది. ఇది నాకు చెప్పింది వాడు కాదు, బండి బాగుచేసిన మెకానిక్కు. వాడు చెప్పింది వేరు.

"గడ్డి పెట్టటం పొరపాటత్తా. థర్మాకోల్ పెట్టాల్సింది."

నేను వాకిట్లో నిలబడి వాడిని తిట్టిన తిట్లు రాస్తే ఈ కథ ఎవరూ అచ్చేసుకోరు. నా కూతురు అఫ్రీన్ కూడా మొగుడి తరఫున ఒక్క మాట మాట్లాడలా. మాడిన సాకెట్టుని పీకి వాడి చేతిలో పెట్టా. "నీ కొట్లో అద్దాల బీరువాలో పెట్టుకో, మా మామ బండికి పెట్టిన నోరు అని," అన్నా. వాడు నిజంగానే జేబులో వేసుకుని వెళ్ళాడు. వాడికి సిగ్గు అనేది పుట్టుకతోనే లేదు.

సిలార్ చేతులకి కట్లు. బండి మెకానిక్కు దగ్గర. నేనే ముద్దలు కలిపి నోట్లో పెట్టా. కూర కారం ఎక్కువైతే కళ్ళతో తిట్టేవాడు. ముసలాడికి చివరికాలంలో సోకు పట్టిందని బజారంతా చెప్పా. దాంతోపాటు రెండోది కూడా చెప్పా. చేతులు కాలినా మాట తప్పని మనిషి అని. కూరగాయల బండి దగ్గర చెప్పా, రేషను షాపు దగ్గర చెప్పా, తాయెత్తు కట్టించమన్న ఎదురింటామెకి రెండుసార్లు చెప్పా. నేనట్టా చెప్తుంటే ఆయన లోపలికి వెళ్ళిపోయేవాడు. ఈ మనిషికి వినయం కూడా ఉందా అని ఆశ్చర్యపోయా.

కట్లు విప్పాక, సీజను చివర్లో కాసిని జాడీలేసుకుని మళ్ళీ వెళ్ళాం. మైకు లేదు, సాకెట్టు లేదు. నేనే నోటితో పిలిచా. పేర్లు పెట్టి పిలిచా. అందరూ వచ్చారు, సిలార్ చేతులు చూసి అయ్యో అన్నారు. ఆయన కొత్త తోలు వేలితో జాడీ మీద మెల్లగా కొట్టి, తలూపి ఇచ్చేవాడు.

తొలకరి పడింది. విజయవాడ వెళ్ళాం.

డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టి, "ఇక మాట్లాడొచ్చు. ఏదీ, ఆ అనండి," అన్నాడు.

సిలార్ ఊపిరి పీల్చి నోరు తెరిచాడు. బోరింగు కొట్టేటప్పుడు నీళ్ళు పడకముందు వస్తదే, ఆ చప్పుడు వచ్చింది. మళ్ళీ అనమన్నాడు. మళ్ళీ అదే. గొట్టం పెట్టి చాలాసేపు చూసాడు.

"ఎక్కడైనా గట్టిగా అరిచారా?"

"లేదండీ," అన్నా నేను. ఈ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నట్టు చెప్పా. "బండి అంటుకుని చేతులు కాలితేనే అరవలేదండి. ఈ ఎండాకాలం మొత్తంలో ఒక్క మాట లేదు. కావాలంటే ఊరంతా సాక్ష్యం."

డాక్టరు సిలార్ వంక చూసాడు. సిలార్ పైన తిరిగే ఫ్యాను వంక చూసాడు.

"మానాల్సిన చోట చిరిగి మచ్చ కట్టిందమ్మా," అన్నాడు డాక్టరు. "ఇక ఇంతే ఉంటుంది. పక్కన కూర్చున్నవాళ్ళకి వినపడుతుంది, అంతకంటే పైకి రాదు. పిలవటాలు, అరవటాలు కుదరవు."

బస్సెక్కినాక డాక్టరుని అందుకున్నా. మనం చెప్పింది చెప్పినట్టు చేసాం, వాడు చేస్తానన్నది చెయ్యలా అన్నా. కత్తి పట్టుకోవటం రానివాళ్ళందరూ బోర్డులు పెట్టుకుంటున్నారన్నా. చిరిగిందట, ఎట్టా చిరుగుద్ది, మూసిన నోట్లో చిరగటానికి ఎలక దూరిందా అన్నా. వెనక సీటువాళ్ళు వింటున్నారు, విననీ అనుకున్నా. బస్సు పరిటాల హనుమంతుడి విగ్రహం దాటింది. సిలార్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"రజియా."

సన్నగా, బొంగురుగా ఉంది. అయినా నా పేరే. ఎండాకాలం మొదలయ్యాక ఆయన నోట నా పేరు వినటం అదే మొదలు.

"ఏంది?"

"డాక్టర్ని అనబాకు. ఆ రోజు అరిచా."

"ఏ రోజు?"

"బండి అంటుకున్న రోజు. నిన్ను పిలిచా. మొదటిసారి పిలిస్తే సగంలోనే లోపల ఏదో తెగినట్టయింది. మళ్ళీ పిలిచా. గాలే వచ్చింది."

ఊరంతా చెప్పుకు తిరిగింది గుర్తొచ్చింది. నేను గొప్పలు చెప్పినప్పుడల్లా ఆయన లోపలికి పోయింది గుర్తొచ్చింది. నా నెత్తి మీద వేసిన ఒట్టు తప్పాడని కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ అది ఒట్టు మీద కాదు.

"నీకు బుద్ధి ఉందా," అన్నా. "ఎదురుగా అరుగు మీద వీరరాఘవయ్యగారు పడుకుని ఉన్నారు. ఆయన్ని పిలవాలి. పక్కింటివాళ్ళని పిలవాలి. ఆ బజార్లో ఇంటింటి పేరూ నీకు తెలుసు గదా. అంతమందిని వదిలేసి, ఎక్కడో వెనక వసారాలో మజ్జిగ తాగుతున్నదాన్ని, నన్నెందుకయ్యా పిలిచావు?"

ఆయన నా వైపు వంగాడు. మెడ ముందుకు పెట్టి, ఊపిరి కూడదీసుకుని చెప్పాడు.

"ఇంకెవరి పేరూ నోటికి రాలా."

తెలివితక్కువ మనిషి. జీవితమంతా ఊరందరి పేర్లూ అరిచి అరిచి, తన గొంతులో మిగిలిన ఆఖరి కేక తీసుకెళ్ళి నా మీద పారేసుకున్నాడు. అదీ నాకు వినపళ్ళా. నేను వాళ్ళ జాడీ మీద వేలితో కొట్టి పెద్దరికం చేస్తున్నా ఆ టైముకి. ఆయన అరచెయ్యి నా ఒళ్ళోకి లాక్కుని, ఆ మెరిసే కొత్త తోలు చూస్తూ నోటికొచ్చినట్టు తిట్టా.

"ఇక పిలవబాకు," అన్నా చివరికి. "పక్కనే పడి ఉంటాలే."

బస్సు మెల్లగా నందిగామ స్టాండులోకి తిరిగింది. "నందిగామ దిగేవాళ్ళు రావాలి, నందిగామ," అని కండక్టరు వెనక తలుపు దాకా వినపడేట్టు ఒక్క కేక వేసాడు. దిట్టమైన గొంతు, ఎక్కడా జీర లేదు. వాడి మొహం చూడబుద్ధి కాలా నాకు.